వాద్యం లేని సాధన

వయొలిన్ నేర్చుకునేవాడికి ఒక సౌకర్యం ఉంది. తలుపేసుకుని గదిలో కూర్చుంటే అపస్వరాలన్నీ ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతాయి. పొరుగింటివాళ్లు కాస్త విసుక్కుంటారేమో గాని, ఎవరూ మార్కులు వెయ్యరు. చెయ్యి కుదిరాకే బయటికి రావచ్చు. సింఫొనీ ఆర్కెస్ట్రాకి కండక్టర్ కావాలనుకునే కుర్రవాడికి ఆ వీలు లేదు. అతని వాద్యం ఎనభై తొంభై మంది మనుషులు. అందులో కొందరు అతను పుట్టకముందు నుంచీ ఆ కుర్చీల్లో కూర్చుంటున్నవాళ్లు. అద్దం ముందు నిలబడి బేటన్ ఎంతసేపు ఊపినా గాలి తప్ప ఏదీ కదలదు. తన వాద్యాన్ని మొదటిసారి ముట్టుకున్న రోజే అతనికి అందరి ఎదుటా పరీక్ష.

నలుగురి చేత పని చేయించే బాధ్యత కోరుకునే ప్రతివారికీ ఈ చిక్కు ఎదురవుతుంది. అనుభవం ఉంటేనే బృందాన్ని అప్పగిస్తామంటారు. బృందం చేతిలో లేనిదే అనుభవం రాదు. ఈ మాట దగ్గరికి రాగానే మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఆత్మవిశ్వాసం పెంచుకోమని చెప్పి తప్పుకుంటాయి. ఆత్మవిశ్వాసం ఒక్కటే పెట్టుబడిగా బీథోవెన్ ఐదో సింఫొనీ మొదలుపెడితే ఏమవుతుందో చూద్దాం. లోకమంతా ఎరిగిన ఆ నాలుగు స్వరాలు నిజానికి ఒక విరామంతో మొదలవుతాయి. తాళం మొదటి దెబ్బ పడే చోట స్వరం ఉండదు, చిటికెడు నిశ్శబ్దం ఉంటుంది. దాని వెంటే మూడు పొట్టి స్వరాలు, ఆ వెనక ఒక పొడుగు స్వరం. ఆ పొడుగు ఎంతో తేల్చాల్సింది కండక్టరే. సమం దాటాక ఎత్తుగడ ఉండే కృతులు పాడేవాళ్లకి ఈ ఇబ్బంది కొంత తెలుసు. ఇక్కడ ఒక్క గొంతు కాదు, తీగవాద్యాల వరుసలన్నీ, వాటితోపాటు క్లారినెట్లూ ఒక్క క్షణంలో అందుకోవాలి. చెయ్యి కిందికి దిగేలోపే, అది పైకి లేచే తీరులోనే వేగం, బలం, మనోభావం అన్నీ వాళ్లకి తెలిసిపోవాలి. ఛాతీ విరుచుకుని నిలబడినంత మాత్రాన అది రాదు. మరి ఎక్కడ నేర్చుకుంటారు?

కండక్టర్ జుబిన్ మెహతా నేర్చుకున్న దారి చూద్దాం. 1936లో బొంబాయిలో పార్సీ ఇంట్లో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫొనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. ఇంటినిండా రికార్డులు, రిహార్సళ్లు. అయినా కుర్రవాణ్ణి డాక్టరు చదువుకే పంపాలనుకున్నారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఆ దారిలో కొంతదూరం నడిచి, అది తన పని కాదని తేలాక 1954లో, పద్దెనిమిదేళ్లకి, వియన్నా సంగీత అకాడమీకి వెళ్లాడు. (బైపీసీ వదిలేస్తానని ఇంట్లో చెప్పిన పిల్లలకి ఆ సంభాషణ ఎలా సాగి ఉంటుందో నేను వివరించక్కర్లేదు.)

అక్కడ కండక్టింగ్ గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. కాని మెహతా ఒక్క కండక్టింగ్‌తో ఆగలేదు. డబుల్ బేస్ కూడా నేర్చుకున్నాడు. అది మనిషంత ఎత్తుండే వాద్యం. ప్రధాన రాగం దాని వంతుకి వచ్చేది బహు అరుదు. వేదిక మీద ఓ చివర నిలబడి పునాది స్వరాలు మోయడమే దాని పని. కండక్టర్ కావాలనుకునేవాడికి అంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. అక్కడి నుంచి చూస్తే కండక్టర్ చేతుల్లో ఏది నిజంగా పనికొస్తుందో, ఏది ప్రేక్షకుల కోసం చేస్తున్నదో తేటగా కనబడుతుంది. రేపు పదిమంది పని చూడాలనుకునేవారు ముందు ఆ పదిమందిలో అందరికంటే తక్కువ మెప్పు దొరికే పని కొన్నాళ్లు చెయ్యాలి. మొక్కుబడిగా చేస్తే లాభం లేదు, జీతానికి చేసినట్టే చెయ్యాలి. ఆదేశం పైనుంచి వచ్చేటప్పుడు ఎక్కడ అస్పష్టంగా ఉందో, ఎక్కడ అనవసరంగా పొడుగ్గా ఉందో ఆ చోటున ఉన్నవారికే తెలుస్తుంది.

రెండో ఉపాయం ఇంకా తెలివైనది. ఆనాటి వియన్నాలో కరాయన్, బ్రూనో వాల్టర్ వంటి దిగ్గజాలు వచ్చి కండక్ట్ చేసేవారు. కచేరీకి టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు. నేర్చుకోవాల్సింది ఉన్నదల్లా రిహార్సల్‌లో, అక్కడికి బయటివాళ్లకి ప్రవేశం లేదు. మెహతా, అతని సహాధ్యాయి క్లాడియో అబ్బాడో కలిసి మ్యూజిక్‌వెరైన్ గాయక బృందంలో చేరిపోయారు. బృందంలో పాడేవాణ్ణి రిహార్సల్ నుంచి ఎవరూ పొమ్మనరు కదా. అలా పాటగాళ్ల వరుసలో నిలబడి, దొరల చేతులనీ మాటలనీ ఎదుట నుంచి చూశారు. కచేరీలో కండక్టర్ వీపు కనబడుతుంది, బృందంలో చేరితే మొహం కనబడుతుంది.

మన రంగాల్లో దీన్ని ఎలా వాడుకోవాలి? గొప్పవారి ఉపన్యాసాలు, ఇంటర్వ్యూలు, జీవితచరిత్రలు ఇవన్నీ కచేరీలే. వండి వడ్డించిన తర్వాతి మాటలు. పని ఇంకా కుదరక, సగం చెడిపోయి, ఎవరో విసుక్కుంటున్న సమయంలో పెద్దాయన ఏం చేశాడన్నది చూడాలంటే ఆ గదిలో మీకూ ఒక చిన్న పని ఉండాలి. మీటింగులో జరిగినవి రాసిపెట్టే పని, నాటక బృందంలో దీపాలు చూసే పని, ఆసుపత్రి రౌండ్సులో ఫైళ్లు పట్టుకునే పని. ఎంత చిన్నదైనా సరే, గదిలోకి రానిచ్చే పని.

మూడోది ఒంటరిగా చేసుకోగల పని ఒక్కటే. స్కోరు, అంటే అన్ని వాద్యాల వంతులూ కలిపి రాసిన స్వరలిపి, చదవడం. పెద్ద సింఫొనీ స్కోరులో ఒక్క పేజీ మీద ఇరవై వరుసలు ఉండవచ్చు. పైన ఫ్లూట్లు, ఓబోలు, నడుమ కొమ్ము వాద్యాలు, డప్పులు, అడుగున తీగలు. వరుసలో రాసిన స్వరమూ పలికే స్వరమూ ఒకటే అనుకోవడానికీ లేదు. బి-ఫ్లాట్ క్లారినెట్‌కి రాసిన 'సి' మన చెవికి 'బి-ఫ్లాట్'గా వినిపిస్తుంది. ఫ్రెంచ్ హార్న్‌కి వేరే లెక్క. ఇవన్నీ కళ్లతో చదువుతూనే మనసులో ఒకేసారి వినగలగాలి. స్వరోవ్‌స్కీ శిక్షణకి ప్రాణం ఇక్కడే ఉంది. చేతుల వయ్యారం తర్వాత సంగతి, ముందు ఆ రచన ఎలా కట్టారో విప్పి చూపించమనేవాడు. ఏ వాక్యం ఎన్ని బార్లు, ఎక్కడ శ్వాస, ఎక్కడ మలుపు, ఎందుకక్కడే మలుపు. మెహతా, అబ్బాడో ఇద్దరూ ఈ బడిలోంచే వచ్చారు. అందుకే వాళ్లకి సమయం వచ్చినప్పుడు చేతులు వెతుక్కోవాల్సిన పని పడలేదు.

స్కోరు చదివే అలవాటు ఏ వృత్తిలోనైనా ఉంటుంది, పేరే వేరు. వంతెన కట్టేవాడికి డ్రాయింగులు, న్యాయవాదికి కేసు కట్ట, ప్రధానోపాధ్యాయుడికి ఏడాది టైంటేబులు. మీ వరుస ఒక్కటే కాకుండా మిగతా పందొమ్మిది వరుసలూ చదవండి. మీ పక్కవారి పని వల్ల మీ పని ఎక్కడ ఆగుతుందో, మీ ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో కాగితం మీదే పట్టుకోగలిగితే, పదవి లేకుండానే ఆ చూపు వచ్చేస్తుంది. రోజూ అరగంట చాలు. అరగంట అంటే ఫోను పక్క గదిలో ఉన్న అరగంట.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఓపికతో చేసేవి. ఓపిక ఒక్కటే ఉంటే డెబ్భై ఏళ్లొచ్చినా బృందంలో పాడుతూనే ఉండిపోవచ్చు. ఎక్కడో ఒకచోట తెగించాలి.

1956 చివర్లో హంగరీలో తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేశాయి. జనం వేలకొద్దీ సరిహద్దు దాటి ఆస్ట్రియాలోకి వచ్చిపడ్డారు. వియన్నాలో విద్యార్థిగా ఉన్న మెహతా వారం రోజుల్లో తోటి విద్యార్థులతో ఒక ఆర్కెస్ట్రా సమకూర్చి, ఊరి బయట శరణార్థి శిబిరంలో కచేరీ చేశాడు. అప్పటికతనికి ఇరవై ఏళ్లు. ఎవరూ నియామక పత్రం ఇవ్వలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు కూడా.

సైమన్ రాటిల్ కథా అదే. లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో విద్యార్థిగా ఉండగానే, 1973లో, మాలర్ రెండో సింఫొనీ చేద్దామన్నాడు. అది మామూలు రచన కాదు. పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద గాయక బృందం, ఇద్దరు ఏకగాయనులు, వేదిక బయటి నుంచి వాయించేవాళ్లు వేరే. అనుభవమున్న సంస్థలే ఏడాది ముందు నుంచి ఏర్పాట్లు చేసుకుంటాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు తోటివాళ్లని పోగుచేసి చేసి చూపించాడు. మరుసటి ఏడాది జాన్ ప్లేయర్ కండక్టర్ల పోటీలో గెలిచి బోర్న్‌మత్ ఆర్కెస్ట్రాలో సహాయక కండక్టరయ్యాడు. పోటీలో గెలుపు గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం మాలరే ముఖ్యమనిపిస్తుంది.

మారిన్ ఆల్సప్ దారి మరింత గరుకు. తొమ్మిదేళ్లప్పుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ కచేరీ చూసి కండక్టర్ అవుతానంది. ఆడపిల్లలు ఆ పని చెయ్యరని వయొలిన్ టీచర్ చెప్పింది. పెద్దయ్యాక జూలియార్డ్‌లో వయొలిన్ చదివింది కాని, కండక్టింగ్ విభాగంలో చోటు దొరకలేదు. న్యూయార్క్‌లో వయొలిన్ వాయించి బతుకుతూ, 1984లో కాన్‌కార్డియా అనే సొంత ఆర్కెస్ట్రా పెట్టుకుంది. వస్త్రవ్యాపారంలో ఉన్న జపాన్ పారిశ్రామికవేత్త టోమియో టాకీ అందుకు అండగా నిలిచాడు. అంటే ఆమె సంగీతం నేర్చుకోవడంతో సరిపెట్టలేదు, డబ్బు అడగడం కూడా నేర్చుకుంది. 1989లో అమెరికాలోని టాంగిల్‌వుడ్ సంగీత కేంద్రంలో యువ కండక్టర్లకిచ్చే కూసెవిట్స్కీ బహుమతి అందుకుంది. 2007లో బాల్టిమోర్ సింఫొనీ సంగీత దర్శకురాలిగా బాధ్యతలు తీసుకునేసరికి, అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకి ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ ఆమే.

సొంతంగా బృందం కట్టుకోవడంలో అసలు లాభం వేదిక మీద నిలబడటం కాదు. కుర్చీలు ఎవరు తెస్తారు, స్టాండ్లు ఎక్కడ దొరుకుతాయి, రెండో ట్రంపెట్ వాయించేవాడు ఆదివారం రానంటే ఎవర్ని బతిమాలాలి, హాలు ఇచ్చినాయన తొమ్మిదింటికి లైట్లు ఆర్పేస్తానంటే ఏ భాగం కోసెయ్యాలి ఇవన్నీ ఒక్కసారైనా మీ నెత్తిన పడాలి. జీతం ఇవ్వకుండా మనుషుల్ని రిహార్సల్‌కి రప్పించినవాడికి, జీతం ఇచ్చే చోట పని చేయించడం తేలిక. జీతం తీసుకునేవాడు మీరు నచ్చకపోయినా వస్తాడు. ఉచితంగా వచ్చేవాడు మొదటి రిహార్సల్‌లో తన సమయం వృథా అయితే రెండోదానికి రాడు. అంతకంటే నిక్కచ్చి అయిన పరీక్ష మరొకటి లేదు. మీ కాలనీలో గ్రంథాలయం, కాలేజీలో ఒక ప్రదర్శన, ఆఫీసులో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న పని, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. అయిదారుగురు చాలు. తేదీ ముందే ప్రకటించండి. తేదీ లేని ఉత్సాహం కబుర్లతో ఆగిపోతుంది.

ఇక పిలుపు సంగతి. యువ కండక్టర్ల కథల్లో ఒక ఘట్టం మళ్లీ మళ్లీ వస్తుంది. పెద్దాయన వేదిక మీద నిలబడలేని పరిస్థితి వస్తుంది, చిన్నవాడు ఎక్కుతాడు. 1886లో తోస్కానీనీ రియో డి జనీరోకి చెల్లో వాయించడానికి వెళ్లినవాడు. జనం గోల చేసి కండక్టర్లను దింపేస్తే, వాద్యకారుల వరుసలోంచి లేచివెళ్లి 'ఐదా' ఒపెరాని స్కోరు చూడకుండా నడిపించాడు. అతనికి పందొమ్మిదేళ్లు. 1943 నవంబర్ 14న న్యూయార్క్‌లో బ్రూనో వాల్టర్ ఫ్లూతో మంచం పట్టాడు. సహాయక కండక్టర్‌గా ఉన్న బెర్న్‌స్టైన్‌కి ఆ పొద్దున్నే కబురొచ్చింది. మధ్యాహ్నం కార్నెగీ హాల్లో కచేరీ, దేశమంతటా సీబీఎస్ రేడియో ప్రసారం. రిహార్సల్ లేదు. ముందు రోజు రాత్రి తను రాసిన పాటలు కూడా ఉన్న కచేరీ టౌన్ హాల్లో జరిగి, ఆలస్యంగా పడుకున్న మనిషి. ఒంట్లో బాగాలేని వాల్టర్ దగ్గరికి స్కోర్లు తీసుకెళ్తే, ఆయన చిక్కుచోట్లు చూపించాడు. మొదటి అంశం షూమన్ 'మాన్‌ఫ్రెడ్' పూర్వరంగం. అందులో ఆరంభంలోనే మూడు స్వరగుచ్ఛాలు తాళం మీద కాకుండా తాళానికి పక్కగా పడతాయి. ఆర్కెస్ట్రాతో ఒక్కసారైనా కలిసి చెయ్యకుండా దానితో మొదలుపెట్టాలంటే గుండె జారిపోవాలి. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త. ఇరవై అయిదేళ్లకే అమెరికా అంతా ఎరిగిన పేరు.

ఈ కథని 'అదృష్టం తలుపు తట్టింది' అని చెప్పేవాళ్లున్నారు. 'కష్టపడితే అదృష్టం అదే వస్తుంది' అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సగం మాటలే. సహాయక కండక్టర్ జీతం తీసుకునేదే అందుకు. ప్రతి కార్యక్రమం స్కోరూ నేర్చుకుని, రిహార్సళ్లకి హాజరై, ఎవరూ పిలవకపోయినా వారం వారం సిద్ధంగా ఉండటమే ఆ ఉద్యోగం. ఏ వాల్టర్‌కీ జలుబు చెయ్యక, సిద్ధంగా ఉండీ ఉండీ అలాగే మిగిలిపోయిన సహాయకులు ఎంతోమంది. వాళ్ల పేర్లు మనకి తెలియవు కాబట్టి వాళ్లు కష్టపడలేదనుకోకూడదు. పిలుపు మన చేతిలో లేదు. పిలిచిన రోజున స్కోరు తెలిసి ఉండటం మన చేతిలో ఉంది.

మెహతాకి పిలుపు రాకముందు కాలం సుఖంగా ఏమీ సాగలేదు. 1958లో లివర్‌పూల్ అంతర్జాతీయ పోటీలో గెలిచాడు. బహుమతిగా అక్కడి ఆర్కెస్ట్రాలో ఏడాది పాటు సహాయకుడి ఉద్యోగం. అదే ఏడు టాంగిల్‌వుడ్ పోటీలో రెండో స్థానం. మొదటి స్థానం ఎవరిదనుకున్నారు? గాయక బృందంలో పక్కన నిలబడి పాడిన అబ్బాడోదే. లివర్‌పూల్ ఏడాది అక్కడ స్థిరమైన ఉద్యోగంగా మారలేదు. ఆ తర్వాతే పిలుపులు మొదలయ్యాయి. 1960లో మాంట్రియల్‌లో ఇగోర్ మార్కెవిచ్ బదులు, 1961లో లాస్ ఏంజెలిస్‌లో ఫ్రిట్జ్ రైనర్ బదులు, అదే ఏడు ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌కి యూజీన్ ఒర్మాండీ బదులు. మాంట్రియల్ అతన్ని సంగీత దర్శకుణ్ణి చేసుకుంది. లాస్ ఏంజెలిస్‌లో సంగీత దర్శకుడిగా రాబోతున్న జార్జ్ షోల్టీ, తనతో మాట మాత్రమైనా చెప్పకుండా ఈ కుర్రవాణ్ణి సహాయకుడిగా నియమించారని కోపగించి తప్పుకున్నాడు. చివరికి 1962లో ఆ పదవి మెహతాకే దక్కింది. వయసు ఇరవై ఆరు. 1978 దాకా అక్కడే ఉన్నాడు.

షోల్టీ ప్రస్తావన ఊరికే తేలేదు. మీ ఎదుగుదలని పైవాళ్లు ఎలా నడిపిస్తారో మీకు తెలియకపోవచ్చు. ఒకరి కుర్చీ కదిలించి మీకు చోటు చెయ్యవచ్చు. అందులో మీ తప్పు లేకపోయినా, ఆ గదిలోకి అడుగుపెట్టిన రోజున కొన్ని మొహాలు బిగుసుకుని ఉంటాయి. సంజాయిషీలు మొదలుపెట్టవద్దు. పని మొదలుపెట్టండి.

పని మొదలుపెట్టడంలో ఒక పద్ధతి ఉంది. అమెరికా ఆర్కెస్ట్రాల్లో రిహార్సల్ సాధారణంగా రెండున్నర గంటలు, మధ్యలో విరామం, దాటితే అదనపు చెల్లింపు. కచేరీకి అలాంటివి మూడో నాలుగో దొరుకుతాయి. అందులో పావుగంట తన గురించి చెప్పుకోవడానికి వాడిన యువ కండక్టర్‌ని ఆ వాద్యకారులు మళ్లీ పైకెత్తి చూడరు. ఒక నమస్కారం, ఒక వాక్యం, తర్వాత చెయ్యి లేవాలి. ఆపవలసి వస్తే ఎందుకు ఆపారో ముందే తెలిసి ఉండాలి. చోటు చెప్పి, ఎవరికో చెప్పి, ఏం కావాలో చెప్పాలి. 'ఇక్కడ సూర్యోదయంలా ఉండాలి' అంటే వయోలా వాయించేవాడికి ఏం చెయ్యాలో అర్థం కాదు. 'కొంచెం పొట్టిగా, కమాను కొన దగ్గర' అంటే వెంటనే చేస్తాడు. పాతికేళ్లుగా అదే రచన వాయిస్తున్నవాళ్లకి దాని గొప్పతనం బోధించకూడదు. తప్పు మీ చేతిదైతే 'నా వల్లే, మళ్లీ చేద్దాం' అని రెండు మాటల్లో ఒప్పుకుని సాగిపోవాలి. బొంకితే మొదటి వరుసకి తెలిసేలోపే చివరి వరుసకి తెలిసిపోతుంది. రిహార్సల్ పది నిమిషాలు ముందే ముగిస్తే మాత్రం మీ మీద సగం కోపం ఆ రోజే పోతుంది. ఇది సంగీతానికి ఒక్కదానికే చెల్లే సంగతి కాదని, మీటింగులు భరించే ఎవర్నడిగినా చెబుతారు.

పిలుపులు వరసగా రావడం మొదలయ్యాక ఇంకో చిక్కు ఉంది. కాదనడం ఎవరూ నేర్పరు. ఇవాళ పాతికేళ్ల కండక్టర్‌కి ఒక పోటీలో పేరొస్తే చాలు, వారానికొక ఊరు, ఊరికొక ఆర్కెస్ట్రా, ప్రతిచోటా తెలిసిన అవే నాలుగు రచనలు. బయటికి అది ఎదుగుదలలాగే కనిపిస్తుంది. లోపల కొత్త స్కోరు తెరవడానికి సాయంత్రం మిగలదు. రాటిల్ 1980లో ఇరవై అయిదేళ్లకి బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రా బాధ్యత తీసుకున్నాడు. పెద్ద పేరున్న బృందమేమీ కాదు అది అప్పటికి. ఆ రోజుల్లోనే ఏడాది పాటు కచేరీలు తగ్గించుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదువుకోవడానికి వెళ్లాడు. తలుపులు తెరుచుకుంటున్న వేళ పుస్తకం పట్టుకుని కూర్చోవడం పిచ్చి అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. బర్మింగ్‌హామ్‌లో మాత్రం ఏడాది కాదు, పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. ఆ వ్యవధిలో ఆ ఊరికి ప్రపంచస్థాయి కచేరీ హాలు వచ్చింది, 1991లో. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ని మొదటిసారి కండక్ట్ చేసింది 1987లో. దాని ప్రధాన కండక్టర్‌గా కుర్చీ అందుకున్నది 2002లో. నడుమ పదిహేనేళ్లలో ఎక్కువ భాగం అతను గడిపింది, తన తప్పులు తెలిసిన, తొలి మాలర్ రోజుల తర్వాత తను ఎదగడం దగ్గరుండి చూసిన అదే వాద్యకారుల మధ్య.